పెండ్లి పత్రికల కవర్లు, రంగు టేపులతో లెటర్ సెట్ చేసుకోవడం ఎలా

మన ఇండ్లల్లోకి మంచి కాగితం అంటూ వచ్చేది పెండ్లి పత్రికలతోనే. మాఘమాసం ముగిసేసరికి టీవీ పక్కన ఒక కట్ట, శ్రావణం దాటేసరికి ఇంకో కట్ట. పారేద్దామంటే పైన వినాయకుడు ఉంటాడు, దాచుకుందామంటే బీరువాలో చోటుండదు. మా కడపలో అయితే షాదీ కార్డులు కూడా అంతే లెక్కలో వస్తాయి, ఆకుపచ్చ మీద బంగారు గీతలు, ఆ కవర్ల మందం చూస్తే అంగట్లో అమ్మే లెటర్ ప్యాడ్లు ఎందుకూ పనికిరావు అనిపిస్తాది. వీటికి తోడు బ్యాంకు కవర్లు, ఎల్ఐసీ కవర్లు, జనవరిలో ప్రతి అంగడి వాడూ ఇచ్చే క్యాలెండర్లు. ఇవన్నీ పెట్టుకుని కవర్లు, రాసుకునే కాగితాలు, చిన్న ప్యాడ్ ఎట్లా చేస్కోవాలో చెప్తా, పిల్లల సెలవుల్లో ఒక మధ్యాహ్నం పని ఇది.

ముందే ఒక మాట. ఇన్‌స్టాలో రీల్స్ చూసి చానామంది చేసేదేందంటే వాషి టేపు, అంటే రంగు డిజైన్లున్న కాగితం టేపు, కొనేసి దాంతోనే అన్నీ అతికించేయడం. రెండు రోజులకి అంచులు లేస్తాయి, ఎండాకాలం అయితే సాయంత్రానికే. ఆ టేపు పుట్టుకే అట్లాంటిది, సులభంగా ఊడి రావాలనే చేస్తారు. మాస్కింగ్ టేపు 1925లో అమెరికాలో కార్లకి రెండు రంగులు వేసేటప్పుడు గీత నీటుగా రావడానికి పుట్టింది, రంగు ఆరినాక పెయింటు ఊడకుండా టేపు మాత్రం రావాలి కదా. జపాన్ వాళ్ళ వాషి టేపు కూడా ఆ కుటుంబమే, దాన్ని చేసే పేరున్న కంపెనీ ఒకటి 1923లో ఈగలు అంటుకునే కాగితంతో మొదలైంది, తర్వాత పెయింటర్ల మాస్కింగ్ టేపులు చేసి, ఆ తర్వాతే ఈ పూల డిజైన్లకి వచ్చింది. కాబట్టి అతికించే పని బంకది, టేపు సోకుకే. గుమ్మానికి తోరణం కడతాం, గుమ్మాన్ని నిలబెట్టేది తోరణం కాదు కదా, అట్లా అనుకోండి.

కవర్లు ఏరుకోవడం

కట్ట ముందర వేసుకుని మూడు కుప్పలు చేయండి. లోపలి వైపు తెల్లగా, ఉత్తగా ఉన్నవి ఒక కుప్ప, ఇవి తిరగేసి అతికిస్తే చాలు. మందంగా ఉండి బంగారు డిజైన్ ఉన్నవి ఇంకొకటి, ఇవి ముక్కలు కోయడానికి. మూడోది బ్యాంకు కవర్లు. ఏటీఎం పిన్, చెక్ బుక్ వచ్చే కవర్ల లోపల నీలం రంగు గజిబిజి డిజైన్ ఉంటాది చూడండి, లోపలి రాత బయటికి కనిపించకుండా వేస్తారు దాన్ని, ఆ డిజైన్ కవరుకి లైనింగ్‌గా వేస్తే యాడో కొన్న ఫ్యాన్సీ పేపరు అనుకుంటారు.

ప్లాస్టిక్ కోటింగ్ ఉన్నవి, కొరియర్ సంచులు పక్కన పారేయండి, వాటికి బంక పట్టదు. బ్యాంకు కవర్ల మీద అడ్రసు, అకౌంట్ నంబరు, కస్టమర్ ఐడీ లాంటివి ఉన్న భాగం కత్తిరించి చిన్న ముక్కలుగా చించేయండి. తిరగేస్తే లోపలికి పోతాదిలే అనుకోవద్దు, ఆ కవరు ఇంకొకరి చేతికి పోతాది, తెరిచి చూడొచ్చు.

దేవుడి బొమ్మల సంగతి. వినాయకుడు, వెంకటేశ్వరస్వామి ఉన్న ముక్కని కత్తెరతో మధ్యలో కోస్తే ఇంట్లో పెద్దోళ్ళు ఊరుకోరు, నాకూ మనసొప్పదు. ఆ బొమ్మని చుట్టూ అర సెంటీమీటరు వదిలి గుండ్రంగానో చదరంగానో నీటుగా తీసి, రాసుకునే కాగితం పైభాగంలో మధ్యన అతికించండి, శ్రీరామ అని రాసే చోట. కవరు బయట మాత్రం వద్దు, పోస్టు సంచుల్లో, బల్లల మీద, కింద పడుతూ పోతాది. పసుపు పూసిన మూలలు ఉంటే అట్లే ఉంచేయండి, పసుపు మరక కాగితం నుంచి పోదు, ఆ మూల మీదికి టేపు వచ్చేట్టు ప్లాన్ చేసుకుంటే సరి.

కవరు విప్పడం

కవరుని చింపకుండా విప్పాలి. ముందు స్టీలు స్కేలు అంచు అతుకు సందులోకి దూర్చి మెల్లగా జరపండి, సగం కవర్లు ఇట్లానే వచ్చేస్తాయి. రాకపోతే ఇడ్లీ పాత్ర మూత తీసి, ఆవిరికి అతుకు ఉన్న చోట మాత్రం పది పదిహేను సెకన్లు చూపించి మళ్ళా స్కేలు పెట్టండి. ఎక్కువ సేపు పెడితే కాగితం మెత్తబడి పొరలు పొరలుగా లేస్తాది, చేతులు కూడా జాగ్రత్త. డబుల్ సైడ్ టేపుతో అతికించిన కవర్లు ఆవిరికి లొంగవు, హెయిర్ డ్రయ్యర్ ఉంటే వేడి గాలి పెట్టండి, లేకుంటే ఆ అంచు కోసేయండి, ఒక సెంటీమీటరు తగ్గితే ప్రపంచం మునిగిపోదు.

విప్పిన కాగితాన్ని బండ కింద పెట్టండి. మా ఊర్లో దీనికి లోటే లేదు, ఇల్లు కట్టిన ప్రతి చోటా కడప బండ ముక్కలు మిగిలిపోయి ఉంటాయి, నున్నగా, బరువుగా, అడుగు పొడుగు ముక్క ఒకటి తుడిచి పెట్టుకుంటే ప్రెస్ కొనాల్సిన పని లేదు. కర్నూలు వైపు వాళ్ళకి బేతంచెర్ల బండ ఉండనే ఉంది. రెండు పాత పేపర్ల మధ్య కాగితం, పైన బండ, ఒక గంట. మన గాలి పొడిగా ఉంటాది కాబట్టి తడి తగిలిన కాగితం గబగబా ఆరి వంకర తిరుగుతాది, బరువు లేకుండా వదిలేస్తే అప్పడం అయిపోతాది. ఆ బండ మీద పెట్టి బ్లేడుతో కోయొద్దు మళ్ళా, బ్లేడు మొద్దుబారిపోతాది, కోయడానికి నోటుబుక్ అట్ట వేసుకోండి.

బంక

ఫెవికాల్ ఉంటే కొంచెం నీళ్ళు కలిపి బ్రష్షుతో పల్చగా పూయండి, పని అయిపోతాది. గ్లూ స్టిక్ కూడా ఓకే, కానీ మే నెలలో మన ఎండకి ఫ్యాన్ కింద పెట్టుకుంటే పూసిన చివర నుంచి మొదలుకి వచ్చేలోపే ఆరిపోతాది. మైదా బంక అన్నిటికంటే చవక: ఒక స్పూను మైదాకి ఐదారు స్పూన్ల చల్లటి నీళ్ళు పోసి ఉండల్లేకుండా కలిపి, సన్న మంట మీద తిప్పుతూ ఉంటే చిక్కబడి కొంచెం పారదర్శకంగా అవుతాది, అప్పుడు దించేయండి. చిటికెడు పటిక వేస్తే రెండు మూడు రోజులు నిలుస్తాది. గోడ పోస్టర్లు అంటించేవాళ్ళు మైలతుత్తం కలుపుతారు, పురుగు పట్టకుండా, మీరు కలపొద్దు, అది విషం, పిల్లలు చేతులు పెట్టే పని ఇది.

ఇంక అసలు విషయం తుమ్మబంక. కవరు మూత మీద ముందే పూసి ఆరబెట్టుకుని, లెటరు పెట్టినాక తడివేలితో రుద్ది మూసేసే బంక కావాలంటే ఇదే. సీమలో తుమ్మచెట్టు లేని ఊరు లేదు, లేదంటే పచారీ అంగట్లో, లడ్డూల్లో వేసే గోందు అని అడగండి, అదీ తుమ్మజాతి చెట్ల బంకే. గడ్డల్ని దంచి, రెండింతల నీళ్ళల్లో రాత్రి నానబెట్టి, పొద్దున పల్చటి గుడ్డలో వడకట్టండి, చెక్కపేళ్ళు, దుమ్ము అన్నీ గుడ్డలో ఉండిపోతాయి. తేనె నాలుగు చుక్కలు కలపండి, ఇది మర్చిపోవద్దు, తేనె లేకపోతే మన పొడి గాలికి ఆరిన బంక పొర గాజులాగా పగిలి రాలిపోతాది. మూత అంచు మీద ఒక వేలు వెడల్పున పల్చగా ఒక పూత, ఆరినాక ఇంకో పూత. పూర్తిగా ఆరేదాకా కవర్లు ఒకదాని మీద ఒకటి పెట్టొద్దు. చెట్టు బంక కొంచెం ఎర్రగా ఉంటాది, తెల్ల కాగితం మీద లేత గోధుమ రంగు గీత కనిపిస్తాది, నాకైతే అది బాగానే ఉంటాది, నచ్చకపోతే దాని మీదికి టేపు ఎట్లాగూ వస్తాది.

కవరు కొలతలు

తిరగేసే కవర్లకి కొలత అక్కర్లేదు. పాత మడతల మీదే రెండో వైపుకి మడిచి, బంక పూసి, బండ కింద పెట్టేయడమే. కొత్తగా కోసేదానికి ఒక అట్ట నమూనా చేస్కుంటే జన్మకి సరిపోతాది. ఈ సైజు చేయండి, ఒక ఏ4 కాగితంలో సరిగ్గా పడుతుంది: మధ్యలో 16.2 సెంటీమీటర్ల వెడల్పు, 11.4 ఎత్తు ఉన్న గడి. దానికి రెండు పక్కలా 1.8 సెంటీమీటర్ల చెవులు. కింద 10 సెంటీమీటర్లు, అది వెనక గోడ. పైన 5 సెంటీమీటర్లు, అది మూత. మొత్తం 19.8 వెడల్పు, 26.4 పొడవు. మూల దగ్గర చెవులని, కింద గోడ పక్క అంచులని రెండు మిల్లీమీటర్లు లోపలికి ఏటవాలుగా కోయండి, లేకపోతే మడిచినప్పుడు అంచులు బయటికి తొంగి చూస్తాయి. ఈ కవర్లో ఏ4 ని రెండుసార్లు సగానికి మడిచి పెట్టినా పడుతుంది, ఏ5 ని ఒక మడత పెట్టినా పడుతుంది.

మడతలు చేత్తో వేయొద్దు. ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను తీసుకుని స్కేలు ఆనించి గట్టిగా గీత గీయండి, ఆ గీత మీదే కాగితం తనంతట తాను వంగుతాది. పెండ్లి కవర్ల మందం కాగితానికి ఇది తప్పనిసరి, గీత లేకుండా మడిస్తే బంగారు పొర పగిలి కింద తెలుపు కనిపిస్తాది. ఇంకోటి, కాగితానికి ఒక దిక్కు ఉంటాది. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి మెల్లగా వంచి చూడండి, ఒక వైపు సులభంగా వంగుతాది. పొడుగు మడతలు ఆ వైపు వచ్చేట్టు నమూనా పెట్టి గీసుకుంటే కవరు చదునుగా ఉంటాది.

లైనింగ్ వేయాలంటే ఇప్పుడే వేయాలి, అతికించకముందే. బ్యాంకు నీలం కాగితాన్ని గడికీ మూతకీ సరిపడా, అన్ని పక్కలా మూడు మిల్లీమీటర్లు తక్కువగా కోసి, మూత దగ్గర మాత్రమే బంక పెట్టండి, కింద వదులుగా ఉండనీండి. మొత్తం పూస్తే మడత దగ్గర ముడతలు వస్తాయి. మూత చివర బంక పూసే వేలు వెడల్పు చోటు మాత్రం లైనింగ్ లేకుండా వదలండి.

ఆ తర్వాత చెవులు లోపలికి, వాటి మీద బంక, కింద గోడ పైకి, బండ. అంతే.

కిటికీ కవర్లు ఉంటాయే, అడ్రసు కనిపించే ప్లాస్టిక్ ముక్కవి, వాటిని పారేయొద్దు. ప్లాస్టిక్ పీకేసి, లోపలి వైపు నుంచి పెండ్లి పత్రిక బంగారు డిజైన్ ముక్క అతికించి, కిటికీ చుట్టూ బయట సన్న టేపుతో ఫ్రేము కట్టండి. ఈ సెట్లో అందరూ ముందు చేతిలోకి తీసుకునేది అదే.

టేపు వేయడం

అంగట్లో వాషి టేపు అని ఇచ్చేదాంట్లో సగం ఉత్త ప్లాస్టిక్ టేపే. చేత్తో చింపి చూడండి, కాగితం టేపు నీటుగా చిరుగుతాది, ప్లాస్టిక్ సాగుతాది. మామూలుగా 15 మిల్లీమీటర్ల వెడల్పు వస్తాది, అది కవరుకి సరిపోతాది, కాగితం అంచుకైతే దాన్ని నిలువుగా రెండుగా కోసుకోండి, బటర్ పేపర్ మీద అతికించి స్కేలు పెట్టి కోస్తే వంకర పోదు.

టేపు వేసేటప్పుడు లాగొద్దు. లాగి వేస్తే తర్వాత అది ముడుచుకుని కాగితాన్ని వంచేస్తాది. ఒక చివర ఆనించి వేలితో మెల్లగా నడిపిస్తూ పోయి, చివర్లో ఒక సెంటీమీటరు ఎక్కువ వదిలి దాన్ని వెనక్కి మడిచేయండి. అంచు దగ్గర ఆపితే అక్కడినుంచే లేస్తాది. అయిపోయినాక స్పూను వీపుతో గట్టిగా రుద్దండి. గరుకు కాగితం మీద, దుమ్ము మీద పట్టదు, ముందు పొడిగుడ్డతో తుడవండి. సెల్లో టేపు మాత్రం అలంకారానికి వాడొద్దు, కొన్నేండ్లకి పసుపు రంగు తిరిగి మరక అట్లే మిగుల్తాది.

ఎక్కడ వేయాలి అంటే, తక్కువ చోట్ల. మూత అంచు వెంబడి ఒక పట్టీ. రాసుకునే కాగితానికి ఎడమ పక్కన ఒక సన్న పట్టీ లేదా కింద ఒకటి. నాలుగు పక్కలా వేస్తే సంతాప పత్రిక లాగా ఉంటాది, నల్ల రంగు కాకపోయినా సరే. పాత అడ్రసు ఉన్న కవరునే మళ్ళా వాడాలంటే, ఆ చోట తెల్ల కాగితం ముక్క బంకతో అతికించి దాని పై అంచుకీ కింద అంచుకీ టేపు వేయండి, కావాలని చేసినట్టే ఉంటాది.

టేపు కొనే ఓపిక లేకపోతే పెయింట్ అంగట్లో మాస్కింగ్ టేపు తీసుకోండి, లేత పసుపుగా ఉంటాది. బటర్ పేపర్ మీద పొడుగ్గా అతికించి, బెండకాయని అడ్డంగా కోసి పోస్టర్ కలర్లో అద్ది ముద్ర వేయండి, పూలు పూలుగా వస్తాది. రంగు పల్చగా ఉండాలి, ఎక్కువైతే ముడుచుకుంటాది. ఆరినాక బటర్ పేపర్ నుంచి ఒలిచి వాడుకోవడమే. లేపాక్షి స్తంభాల మీది చీర అంచుల డిజైన్లు ఫోన్లో ఉంటే వాటిని చూసి స్కెచ్‌తో గీసినా బాగుంటాది, ఆ చుక్కలు, వజ్రాలు, తీగలు సన్న పట్టీకి అతికినట్టు సరిపోతాయి, నేత చీరలకి కూడా అక్కడినుంచే ఎత్తుకున్నారు కదా. పెద్ద పిల్లలకి ఇది ఇచ్చేయండి, రెండు గంటలు గమ్ముగా ఉంటారు.

వాడని టేపులు స్టీలు డబ్బాలో, నీడలో పెట్టండి. కిటికీ దగ్గర పెడితే మన ఎండలకి బంక పక్కలకి కారి చుట్ట మొత్తం అంటుకుపోతాది.

రాసుకునే కాగితం, ప్యాడ్

ఒక వైపే ప్రింట్ అయిన ఏ4 కాగితాలు ఆఫీసుల్లో, జిరాక్స్ అంగళ్ళలో కుప్పలు పడుంటాయి. మధ్యకి కోస్తే ఏ5. ప్యాడ్ చేయాలంటే పాతిక కాగితాలు దాకా పేర్చి, కింద నోటుబుక్ అట్ట పెట్టి, పై అంచు సమానంగా తట్టి, ఆ అంచు బల్ల చివరకి వచ్చేట్టు పెట్టి మీద కడప బండ. అంచు మీద ఫెవికాల్ ఒక పూత, అరగంట ఆగి, పల్చటి బ్యాండేజీ గుడ్డ పట్టీ అతికించి ఇంకో పూత. రాత్రంతా వదిలేస్తే పొద్దునకి ఒక్కో కాగితం చింపుకునే ప్యాడ్ తయారు. గుడ్డ కనిపించకుండా పైన వెడల్పు టేపు ఒకటి. గీతలు వేసే పని పెట్టుకోవద్దు, గీతల కాగితం ఒకటి మందంగా గీసి కింద పెట్టుకుంటే పైకి కనిపిస్తాది.

క్యాలెండర్ కాగితం రాతకి పనికిరాదు, నున్నగా ఉంటాది, పెన్ను జారుతాది. దాన్ని కవర్లకే వాడండి, అడ్రసుకి తెల్ల ముక్క అతికించండి.

కార్డులు చేసేవాళ్ళకి ఒక ఐడియా: 2025లో ఉగాది మార్చి 30, రంజాన్ మార్చి 31 పక్కపక్కనే వచ్చాయి. ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు కూడా వచ్చే ఊరు మాది, పెండ్లి కవరు ఎరుపు, షాదీ కవరు ఆకుపచ్చ పక్కపక్కన కలిపి ఒకే కార్డు చేస్తే ఇద్దరికీ పంపొచ్చు, మధ్య అతుకు మీద బంగారు టేపు.

పోస్టు చేసేటప్పుడు

స్టాంపు ఎప్పుడూ ఉత్త కాగితం మీదే అతికించండి, టేపు మీద వద్దు. టేపుతో పాటు స్టాంపు కూడా ఊడిపోతాది, పైగా నున్నటి టేపు మీద పోస్టు ముద్ర ఇంకు ఆరక అలుక్కుపోతాది. కుడి వైపు పై మూల, అడ్రసు చుట్టూ, ఈ రెండు చోట్లా అలంకారం పెట్టుకోవద్దు. పిన్‌కోడ్ కింద కుడి పక్కన ఆరు గడుల్లో విడివిడిగా రాయండి, మొదటి మూడు అంకెలు కనిపిస్తే కవరు సగం దూరం పోయినట్టే, అనంతపురం 515, కడప 516, కర్నూలు 518. టేపు మీద రాయాల్సి వస్తే పర్మనెంట్ మార్కరే, జెల్ పెన్ను చెదిరిపోతాది.

బరువు ఇంట్లోనే లెక్కేసుకోవచ్చు. మామూలు 80 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 80 గ్రాముల బరువుండే, ఏ4 కాగితం ఒకటి 5 గ్రాములు. పైన చెప్పిన కవరు పెండ్లి కాగితంతో చేస్తే, లైనింగ్, టేపు కలిపి 8 నుంచి 10 గ్రాములు వస్తాది, లోపల ఏ4 రెండు పెట్టినా 20 గ్రాములు దాటదు, అంటే మామూలు లెటరుకి 5 రూపాయల స్టాంపుతో పోతాది. లోపల గట్టి కార్డు పెట్టినప్పుడు మాత్రం కౌంటర్లో తూకం వేయించండి, స్టాంపు తగ్గితే తీసుకునేవాళ్ళ దగ్గర వసూలు చేస్తారు. పూసలు, అద్దాలు, బటన్లు కవరు మీద అతికించొద్దు, ముద్ర కొట్టేటప్పుడు పగులుతాయి. రాఖీ లాంటివి పంపాలన్నా, కచ్చితంగా చేరాలన్నా స్పీడ్ పోస్టే చేయండి, 2025లో రిజిస్టర్డ్ పోస్టు దాంట్లోనే కలిసిపోయింది. మూత తుమ్మబంకతో మూసినాక పది నిమిషాలు బండ కింద పెట్టి, అప్పుడు దాని మీద టేపు వేసుకుని తీసుకుపోండి.